ఆసుపత్రి సిబ్బంది ఇళ్లలో 2020 నాటి లాక్‌డౌన్ సడలింపులను ఎలా చూశారు? మళ్లీ అలాంటి కాలం వస్తే ఇంటిని ఎలా నడుపుకోవాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ చెల్లెలు చెన్నైలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా కొత్తగా చేరింది, హాస్టల్లో ఉంటోంది. కొవిడ్ లాంటిది మళ్లీ వస్తే ఆమె గతి ఏమిటని నెల్లూరులో ఉన్న మీ తల్లిదండ్రులు బెంగ పెట్టుకున్నారు. ఆ మాటల మధ్యనే, 2020లో లాక్‌డౌన్ సడలిస్తున్నప్పుడు ఆసుపత్రి సిబ్బంది కుటుంబాలు దాన్ని కోరుకున్నాయా, వద్దన్నాయా అని మీ ఇంట్లో వాదన వచ్చింది. అప్పట్లో ఇళ్లను ఎలా నడుపుకున్నారో కూడా చెప్పమన్నారు.

నేను వైద్యుణ్ణి కాను. చెన్నైలోనే, పెరంబూరులో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేస్తాను. నా భార్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా నర్సు. 2020 ఏప్రిల్ నుంచి 2022 ఆరంభం దాకా, మధ్యలో కొద్ది నెలలు తప్ప, కొవిడ్ వార్డులోనో ఐసీయూలోనో డ్యూటీ చేసింది. ఇంట్లో నేను, డెబ్బై దాటిన మా అమ్మ, అప్పటికి పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి. కాబట్టి నేను చెప్పేది ఒక ఇంటి అనుభవం, దానితో పాటు నా భార్య తోటి నర్సుల ఇళ్లలో చూసినదీ విన్నదీ.

సూటిగా చెప్పాలంటే, మేము రెండూ కోరుకున్నాం. అద్దె గుర్తొచ్చిన పూట ప్రెస్సు తెరిస్తే బాగుండుననిపించేది. రాత్రి తొమ్మిదింటికి ఆమె ముక్కు మీద మాస్కు ఒరుసుకుపోయిన గాటుతో గుమ్మంలో నిలబడితే, ఇంకో నెల అంతా మూసే ఉంచితే బాగుండుననిపించేది. అయితే మేమిద్దరం పూర్తిగా ఏకీభవించిన విషయం ఒకటుంది. ఏది తెరిచినా, ఏది మూసినా నాలుగు రోజుల ముందు చెప్పాలి. ఒకటి తెరిచాక దాని ఫలితం వార్డులో కనబడే దాకా ఆగి, ఆ తర్వాతే రెండోది తెరవాలి. నేను మాట్లాడిన ఆసుపత్రి కుటుంబాల్లో చాలామంది ఇదే మాట ఏదో ఒక రూపంలో అన్నారు.

ఆగవలసిన గడువు ఎందుకంత ముఖ్యమో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే బయటివారికి ఇది చాలా ఆలస్యంగా అర్థమైంది. వైరస్ ఒంట్లోకి వచ్చాక లక్షణాలు కనబడడానికి అప్పట్లో సాధారణంగా ఐదారు రోజులు, కొందరిలో పద్నాలుగు రోజుల దాకా పట్టేది. జబ్బు ముదిరేవారికి ఆయాసం మొదలయ్యేది జ్వరం వచ్చిన వారం పది రోజులకు. ఈ లెక్కన ఈ సోమవారం బజారు తెరిస్తే, దాని తాలూకు రోగులు ఐసీయూకి చేరేది మూడో వారంలో. ఈలోగా ఊరంతా, తెరిచినా ఏమీ కాలేదు కదా అని ఇంకో అడుగు ముందుకు వేసి ఉంటుంది. 2020 మార్చి 25న ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైనదీ ఆ రోజే. ఒక తెలుగు సంఘం వారికోసం నేను అచ్చువేసిన శార్వరి నామ సంవత్సర పంచాంగాలు, తీసుకెళ్లేవారు లేక కట్టలు కట్టలుగా ప్రెస్సులోనే ఉండిపోయాయి. ఆ ఏడాది మా ఇంట్లో నడిచినవి రెండు పంచాంగాలని నేను సరదాకి అనేవాణ్ణి: ఒకటి ఊరిది, రెండోది వార్డుది. వార్డు పంచాంగం ఊరికంటే రెండు మూడు వారాలు వెనక నడిచేది. వీధిలో జనం పలచబడి అందరూ హడలిపోయి ఉన్న రోజుల్లో నా భార్య వార్డు ఒక్కోసారి ఊపిరి పీల్చుకునేది. వీధిలో టీ కొట్టు తెరిచి నవ్వులు వినబడుతున్న రోజుల్లో ఆమెకు అన్నం తినే తీరిక ఉండేది కాదు.

తెరవడమే కాదు, హఠాత్తుగా మూయడమూ అంత చేటు చేసింది. ఏప్రిల్ 26 నుంచి 29 దాకా చెన్నైలో పూర్తి లాక్‌డౌన్ అని ఏప్రిల్ 24న ప్రకటించారు. మధ్యలో మిగిలింది 25వ తేదీ ఒక్కటే. ఆ రోజు కూరగాయల కోసం, సరుకుల కోసం జనం ఎలా ఎగబడ్డారో చెన్నైలో ఉన్నవారెవరూ మరిచిపోలేదు. నగరానికి కూరగాయలు వచ్చే కోయంబేడు టోకు మార్కెట్ నుంచి పాకిన కేసులు ఆ తర్వాతి రోజుల్లో బయటపడ్డాయి. మే 5న మార్కెట్టును మూసి, వ్యాపారాన్ని ఊరి శివార్లలోని తిరుమళిసైకి తరలించారు. అప్పటికే కూలీలు, లారీల వాళ్లు కడలూరు, విల్లుపురం వైపు సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. దీనికంతటికీ ఆ ఒక్క శనివారమే కారణమని నేను అనను. కానీ ఆ రోజు టీవీలో గుంపులను చూసి నా భార్య గోడ మీది క్యాలెండర్లో మే రెండో వారాన్ని పెన్సిలుతో చుట్టి పెట్టింది. ఆ వారం రాగానే ఆమెను రెండు షిఫ్టులు వరుసగా చేయమన్నారు.

మే నెలలో మరో మార్పు వచ్చింది, దీని గురించి కుటుంబాలు తప్ప ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మొదట్లో వారం రోజులు డ్యూటీ చేశాక ఆసుపత్రివాళ్లు తీసుకున్న హోటల్ గదిలో కొన్ని రోజులు వేరుగా ఉంచి, తర్వాతే ఇంటికి పంపేవారు. కేంద్ర ఆరోగ్య శాఖ సూచనలు మే మధ్యలో మారాయి. పిపిఇ కిట్ సరిగా వేసుకుని పనిచేసినవారికి, అనుకోకుండా వైరస్‌కు గురైతే తప్ప, డ్యూటీ తర్వాత క్వారంటైన్ తప్పనిసరి కాదన్నారు. నా భార్య ఆసుపత్రి హోటల్ గదులను ఆ తర్వాత కొద్ది రోజులకే ఖాళీ చేసింది, పనిలో పనిగా రెండు నెలలు జీతంలో కోత కూడా పెట్టింది. ఊరికి సడలింపు అంటే దుకాణం తెరవడం. మా ఇంటికి సడలింపు అంటే ఆమె కొవిడ్ వార్డు నుంచి నేరుగా రెండు గదుల ఇంటికి, ఒకే ఒక్క బాత్రూముకి రావడం.

ఇంటిని నడిపిన తీరు అడిగారు కాబట్టి చెబుతాను. ముందుగది ఆమెకు వదిలేశాం, ఎందుకంటే వీధి వైపు రెండు కిటికీలు ఉన్నది ఆ గదికే. బాత్రూమును ఆమె వాడాక తలుపు, కిటికీ తెరిచి అరగంట వదిలేసి, ఆ తర్వాతే మేము వెళ్లేవాళ్లం. ఆమె విడిచిన బట్టలు గుమ్మం దగ్గరే సబ్బునీళ్ల బకెట్లో పడేవి. కంచం, గ్లాసు వేరు. మొదటి రెండు నెలలు మేము పొరబడింది కూడా చెప్పాలి. కూరగాయలను ఉప్పునీళ్లలో, సబ్బునీళ్లలో కడిగి ఎండబెట్టాం, పాల ప్యాకెట్లను తుడిచాం, పేపరు మానేశాం, నేల మీద, తలుపుల మీద బ్లీచింగ్ నీళ్లు చల్లి చల్లి చివరికి మా అమ్మకు దగ్గు తెప్పించాం. ఇంతా చేసి, భోజనాలప్పుడు ఏసీ వేసి కిటికీలు మూసుకుని అందరం ఒకే గదిలో కూర్చున్న రోజులున్నాయి. జబ్బు ప్రధానంగా మనిషి వదిలిన గాలి ద్వారా పాకుతుందన్న సంగతి మాకు నిదానంగా తలకెక్కింది. అది తలకెక్కాక ఏసీ ఆపేశాం, కిటికీలు తెరిచాం, ఇంట్లోనూ మాస్కు వేసుకున్నాం; బకెట్ల పని సగం తగ్గింది. మా అమ్మ కార్పొరేషన్ వాళ్లు పంచిన కబసుర కుడినీర్ అనే సిద్ధవైద్య కషాయం తాగేది, మాకూ తాగించేది. దాని మీద నాకు పట్టింపు లేదు, మాస్కు తీసేసి దాన్ని తాగి సరిపెట్టుకుందామంటే మాత్రం నా భార్య ఒప్పుకునేది కాదు.

ఇరుగుపొరుగు సంగతి త్వరగా ముగిస్తాను. మార్చి 22న సాయంత్రం ఐదింటికి మా అపార్టుమెంటు వాళ్లందరూ మేడ మీదికి వచ్చి చప్పట్లు కొట్టారు, మూడో అంతస్తు ఆయన నా భార్యకు శాలువా కూడా కప్పాడు. ఆమెను లిఫ్టు వాడవద్దని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది ఏప్రిల్ రెండో వారంలో. దాన్ని బలపరిచినవారిలో ఆ శాలువా ఆయనా ఉన్నాడు. ఆ నెలలోనే కొవిడ్‌తో చనిపోయిన ఒక డాక్టరు గారి ఖననాన్ని నగరంలో కొందరు రాళ్లు రువ్వి అడ్డుకున్నారు. ఆ రాత్రి నా భార్య, తనకేమైనా అయితే తడ దగ్గర ఉన్న వాళ్ల ఊరికి తీసుకెళ్లవచ్చా, దారిలో సరిహద్దు దగ్గర ఆపేస్తారా అని నన్ను అడిగింది. కొద్ది రోజులకే వైద్య సిబ్బంది మీద దాడులకు జైలు శిక్ష విధించేలా కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. చట్టం అవసరమే. మా లిఫ్టు సంగతి మాత్రం జూన్‌లో ఆ అసోసియేషన్ సెక్రటరీ తల్లికి ఆక్సిజన్ చూడవలసి వచ్చి, నా భార్య పల్స్ ఆక్సీమీటరు పట్టుకుని మెట్లెక్కి వెళ్లిన రోజున తీరింది.

పిల్లల మాట. తమిళనాడులో పదో తరగతి పరీక్షలు వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి జూన్ 15న అన్నారు. మా అమ్మాయి చదువుకుంటూనే ఉంది. తన తోటి విద్యార్థుల తల్లిదండ్రుల్లో ఒకరు, నర్సు కూతుర్ని పరీక్ష హాలులో విడిగా కూర్చోబెట్టమని టీచరుకు ఫోన్ చేశారని ఎవరి ద్వారానో మా అమ్మాయికి తెలిసింది. జూన్ 9న పరీక్షలు రద్దు చేసి, త్రైమాసిక, అర్ధవార్షిక మార్కులకు 80 శాతం, హాజరుకు 20 శాతం చొప్పున లెక్కగట్టి అందరినీ పాస్ చేస్తామని ప్రకటించారు. రాష్ట్రమంతా పిల్లలు గెంతులు వేశారు. మా అమ్మాయి ఏడ్చింది, ఎందుకని అడిగితే, విడిగా కూర్చుని రాసి మార్కులు చూపిద్దామనుకున్నానంది. దేశంలో చాలా చోట్ల జూన్ 8న గుళ్లు, హోటళ్లు, మాల్స్ తెరుచుకున్నా, చెన్నైలో కేసులు పెరిగి జూన్ 19 నుంచి మళ్లీ పూర్తి లాక్‌డౌన్ పెట్టారు. నా ప్రెస్సు అప్పటికి తెరిచి మూడు వారాలు. వచ్చినవి రెండు ఆర్డర్లు, రెండూ పెళ్లి వాయిదా పడిందని తెలిపే కార్డులు.

ఇక్కడ తెరవడం తరఫున కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఆసుపత్రి లోపలి నుంచే ఆ మాట వచ్చింది. ఓపీలు మూసి, బస్సులు లేక, భయంతో జనం ఇళ్లలో ఉండిపోయిన నెలల్లో గుండెనొప్పి వచ్చినవారు ఒకటిన్నర రోజు ఆలస్యంగా వచ్చేవారని, డయాలసిస్ తప్పిపోయినవారు కాళ్లు వాచి వచ్చేవారని నా భార్య చెప్పేది. చెన్నైలో సిటీ బస్సులు సెప్టెంబరు 1న, మెట్రో సెప్టెంబరు 7న మొదలయ్యాయి. ఆ వారం ఆమె ముఖంలో చాలా రోజుల తర్వాత తేలిక కనబడింది. కారణం అడిగితే, తన పాత వార్డు రోగులు, అంటే కొవిడ్ కాని వాళ్లు, ఇక రాగలుగుతారంది. కాబట్టి మూసి ఉంచినంత కాలం ఆసుపత్రులకు మేలు జరిగిందనుకునేవారితో నేను ఏకీభవించను. నన్నడిగితే తెరవవలసిన వాటిలో బస్సు మొదటిది, ఓపీ రెండోది, బడి మూడోది. తమిళనాడులో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు బడి గుమ్మం తొక్కింది 2021 నవంబరు 1న. అప్పటికి సినిమా హాళ్లు రెండుసార్లు మూసి రెండుసార్లు తెరిచారు. ఆ వరుస నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగినది. 2021 జనవరి 16న టీకాలు వైద్య సిబ్బందితో మొదలయ్యాయి, నా భార్య ఆ నెలలోనే మొదటి డోసు వేయించుకుంది. అరవై దాటినవారికి మార్చి 1 నుంచి ఇచ్చారు, మా అమ్మకు ఆ నెలలో ఒక డోసు పడింది. ఏప్రిల్ 6న శాసనసభ ఎన్నికలు. మార్చి అంతా నా ప్రెస్సులో కరపత్రాలు, స్టిక్కర్లు, రాత్రింబవళ్లు పని. ఏడాది అద్దె బకాయి ఆ ఒక్క నెలలో తీర్చాను. ఎన్నికల తర్వాతా బిల్లుల కోసం, మిగిలిన పనుల కోసం మనుషులు వస్తూనే ఉన్నారు, మాస్కులు గడ్డం కిందే ఉండేవి. మూడో వారంలో మా మెషిన్ నడిపే కుర్రాడికి జ్వరం వచ్చింది, నాలుగు రోజులకు నాకు ఒళ్లు నొప్పులు, ఆ వెనకే మా అమ్మకు జ్వరం. ఎనిమిదో రోజున అమ్మకు ఆక్సిజన్ 91 శాతానికి పడింది. నా భార్య పనిచేసే ఆసుపత్రిలో మంచం దొరకలేదు. పెద్దాసుపత్రుల వాకిట అంబులెన్సులు వరుసగా ఆగి ఉన్న రోజులవి. చివరికి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ ఉన్న మంచం దొరికి, పదకొండు రోజులు ఉండి బతికి బయటపడింది. అత్తగారు అక్కడ, కోడలు ఇంకో ఆసుపత్రిలో డ్యూటీలో; ఆ పదకొండు రోజుల్లో నా భార్య సెలవు అడగలేదు, వాళ్లూ ఇచ్చే స్థితిలో లేరు.

బంధువులందరూ ఫోన్ చేసి అన్న మాట ఒకటే, కోడలు తెచ్చిపెట్టింది కదా అని. తెచ్చింది నేను. నిక్కచ్చిగా రుజువు చేయలేను గానీ, జ్వరాలు వచ్చిన వరుస చూస్తే వేరే దారి కనబడదు. నా భార్యకు ఆ రోజుల్లో రెండుసార్లు పరీక్ష చేస్తే రెండుసార్లూ నెగెటివ్ వచ్చింది. కొవిడ్ వార్డులో ఉన్నవాళ్లకు కిట్ ఉంది, పద్ధతి ఉంది, పైన చూసే మనిషి ఉన్నాడు. తెరిచిన ప్రెస్సులో అవేవీ లేవు, నేనూ ఏర్పాటు చేయలేదు. ఏడాది పాటు ఆమె కంచం వేరుగా పెట్టినవాణ్ణి, నా కంచం వేరుగా పెట్టాలని నాకు తోచలేదు. మా అమ్మ ఇంటికి వచ్చాక మొదట అన్న మాట, "నీ ఓట్లవాళ్లు తెచ్చారురా, దాన్ని అనకండి" అని. బంధువులకు ఆ మాట నేనే ఫోన్ చేసి చెప్పాను, అందరికీ కాదు, ముఖ్యమైన నలుగురికి.

అందుకే మీ తల్లిదండ్రులకు నేను చెప్పేది కాస్త వింతగా ఉండవచ్చు. మళ్లీ అలాంటి కాలం వస్తే ఆసుపత్రిలో ఉన్న మనిషి నుంచి ఇంటిని కాపాడే ఏర్పాట్ల మీదే దృష్టంతా పెట్టకండి. ఇంట్లో బయటికి వెళ్లివచ్చే మిగతావారికీ అదే పద్ధతి పెట్టండి. దుకాణానికి వెళ్లే నాన్నగారు, కాలేజీకి వెళ్లే తమ్ముడు, ఆఫీసుకు వెళ్లే మీరు, అందరూ.

మీ చెల్లెలి విషయంలో ఇప్పుడే చేయదగినవి కొన్ని ఉన్నాయి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో అడగండి. మహమ్మారితో సంబంధం లేకుండానే నర్సుకు అది కావాలి. ఆమె చేరిన ఆసుపత్రిలో డ్యూటీలో జబ్బు చేస్తే సెలవుకు జీతం ఇస్తారా, వైద్యం ఖర్చు ఎవరిది అన్నది నియామక పత్రంలో చదివి పెట్టుకోండి. 2020లో కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమా గురించి చాలా కుటుంబాలు పొరబడ్డాయి. అది కొవిడ్ విధుల్లో ప్రాణం పోతే కుటుంబానికి వచ్చే మొత్తం, ఆసుపత్రి బిల్లుకు పనికొచ్చేది కాదు. మాకు తెలిసిన ఒక వార్డుబాయ్ ఇంట్లో ఈ తేడా తెలియక, బీమా ఉందన్న ధీమాతో బయట అప్పు చేశారు.

ఫోన్ సంగతి కూడా చెప్పండి. డ్యూటీ మారే వేళల్లో, అంటే ఉదయం ఏడున్నర ప్రాంతంలో, రాత్రి ఏడున్నర ప్రాంతంలో ఫోన్ చేయవద్దు. వాళ్లు ఒకరి నుంచి ఒకరు రోగుల వివరాలు అప్పగించుకునే సమయం అది. ఇవాళ ఎంతమంది పోయారు అని మాత్రం ఎప్పుడూ అడగవద్దు. మా అమ్మ మొదట్లో రోజూ అడిగేది. ఆ తర్వాత, ఏం తిన్నావు, నిద్ర పట్టిందా అని రెండే అడిగేది, నా భార్య మిగతాది తనంతట తానే చెప్పేది, కొన్నిసార్లు అర్ధరాత్రి దాకా.

ఇంకొకటి, మీరు హాస్టల్ అని రాశారు. గదిలో ఎంతమంది ఉంటారు, విడి బాత్రూము ఉందా, కిటికీ వీధి వైపు తెరుచుకుంటుందా అని ఈ ఆదివారం వెళ్లినప్పుడు మీరే స్వయంగా చూసి రండి. లేకపోతే పెరంబూరు, విల్లివాక్కం వైపు ఇద్దరు ముగ్గురు నర్సులు కలిసి అద్దెకు తీసుకుంటున్న ఇళ్లు ఉన్నాయి. ఆమె పనిచేసే చోటు ఏ వైపో చెబితే నా భార్యను అడిగి రాస్తాను.